నల్ల కారు ప్లేటు

కాటమయ్యను దొంగ అన్నారు. అదీ ఎక్కడ? నకిరేకల్ రోడ్డు మీద, ఆయన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ముందే, ఎదురుగా చాయ్ హోటల్ నిండా జనం ఉండగా. అన్నవాడు దారిన పోయే దానయ్య అయితే చేతిలో ఉన్న పానాతోనే జవాబు చెప్పి ఉండేవాడు. కానీ అన్నది గోపయ్య. పది రోజుల కింద ఇదే షెడ్డులో కూర్చుని, కాటమయ్యకు ఇంటి నుంచి వచ్చిన సద్దిలో సగం తిన్న గోపయ్య.

ఈ గోపయ్యకు నాలుగేళ్ల కిందటి దాకా గొర్రెల మంద తప్ప వేరే లోకం లేదు. ఒక దొర గడీకి తాళం వేసి పట్నం పోతూ తన అమెరికా కారును అమ్మకానికి పెడితే, అరవై గొర్రెలను అమ్మి ఆ కారు కొన్నాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, నూరు గుర్రాల బలం, నల్లగా నిగనిగలాడే ఒళ్లు. భార్య గుర్వమ్మ నెత్తి కొట్టుకుంది. గోపయ్య మాత్రం ఆ కారును పెళ్లిళ్లకూ దవాఖానకూ కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. ఏ రిపేరు వచ్చినా కాటమయ్య షెడ్డుకే తెచ్చేవాడు. ఆరుగురి బండిలో పన్నెండు మందిని ఎక్కించేవాడు. అలా తిప్పితే ఇంజను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్ ప్లేటు అరిగిపోక ఏం చేస్తుంది? అది అరిగాక ఇంజను ఎంత అరిచినా బండి ముందుకు పోదు.

అసలు కంపెనీ ప్లేటు విదేశం నుంచి రావాలి. దాని ధర వింటేనే గోపయ్యకు కళ్లు తిరిగాయి.

"తక్కువ ధరల గట్టిది ఏదన్న చెప్పు కాటమన్నా. గీ బండి నిలవడితె మా ఇంట్ల పొయ్యి నిలవడ్డట్టే," అని బతిమాలాడు.

కాటమయ్య ఓపిగ్గా చెప్పాడు. "పట్నంల మన దేశంల చేసినయి దొరుకుతయ్. అండ్ల రెండు తీర్లుంటయ్. ప్లేటు మీద అచ్చుపోసిన పట్టీ ఉన్నది తీసుకోకు. చిన్న బండ్లకైతె నడుస్తది గని గీ బలానికి పొడిపొడి అయితది. ఇత్తడి తీగె కలిపి బట్టలెక్క నేసిన పట్టీ ఉంటది. గోటితోని గీకి చూడు, తీగె మెరుస్తది. గది తే. నడవకుంటె నన్నడుగు."

నడవకుంటే నన్నడుగు! ఆ మాట ఊరికే అనలేదు కాటమయ్య. నిజాం కాలంలో బస్సులు బాగుచేసే చోట పని నేర్చిన మనిషి. ఆయన నడుస్తుందంటే నడుస్తుందని చిట్యాల నుంచి సూర్యాపేట దాకా లారీల వాళ్లందరూ నమ్ముతారు. ఆ షెడ్డుకు పేరు రాసిన బోర్డు కూడా లేదు. ఆ నమ్మకమే బోర్డు.

గోపయ్య సరిగ్గా చెప్పిన ప్లేటే తెచ్చాడు. కాటమయ్య గోటితో గీకి, తీగె మెరుపు చూసి, "శెభాష్" అన్నాడు. రెండు రోజులు కూర్చుని, వదులైన స్ప్రింగులు కూడా మార్చి బిగించాడు. బండి జింకలా పోయింది.

తొమ్మిదో రోజున ఒక పెళ్లివారిని తీసుకుపోతుండగా, చిట్యాల దాటాక ఎత్తు మీద కాలిన వాసన వచ్చి కారు నిలబడిపోయింది. పెళ్లికొడుకు బాసింగంతో సహా దిగి నెట్టాడట. ఇక నవ్వని వాడు లేడు. లారీ డ్రైవర్ ఐలేశం తన లారీకి తాడు కట్టి ఆ కారును నకిరేకల్ దాకా లాక్కొచ్చాడు. గోపయ్య దిగుతూనే మొదలుపెట్టాడు.

"నా కొత్త ప్లేటు యాడ అమ్ముకున్నవ్? పాత బొక్కదేదో ఏసి నా నోట్ల మన్ను కొడితివి!"

కాటమయ్యకు ఒళ్లంతా మండిపోయింది. "మతి ఉండే మాట్లాడుతున్నవా? నీ ప్లేటు నాకెందుకయ్యా?"

"గట్లయితె విప్పు! గా ప్లేటుకు నేను గురుతు పెట్టిన. గురుతు ఉంటె నువ్వు మంచోనివి. లేకుంటె దొంగవే."

"గురుతా? ఏం గురుతు?"

"ఇప్పుడెట్ల చెప్త? విప్పినంక చూపిస్త."

హోటల్ బల్లల మీది జనం లేచి వచ్చారు. ఐలేశం గొంతు సవరించుకుని, "నా లారీ బిరేకులు వచ్చే వారం చూద్దాంలే కాటమన్నా," అన్నాడు. బ్రేకులు ఆ రోజే చూపిస్తానని పొద్దున చెప్పి పోయిన మనిషి! కాటమయ్యకు అర్థమైంది. ఈ కారు విప్పకముందే తన షెడ్డుకు వచ్చే గిరాకీ సగం పోయినట్టే.

కారు కిందికి దూరి బోల్టులు విప్పుతున్నంతసేపూ ఆయన పళ్లు పటపటలాడుతూనే ఉన్నాయి. గురుతు పెట్టాడట! అంటే కోపంలో నోరు జారలేదన్నమాట. ప్లేటు తన చేతికి ఇవ్వకముందే అనుమానపడ్డాడు. అనుమానం కడుపులో పెట్టుకునే సద్దిలో చెయ్యి పెట్టాడు. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, "వదినె చెయ్యి మంచిది" అని కూడా అన్నాడు. ఛీ!

గేరుబాక్సు దించి ప్లేటు బయటికి తీశాడు. ఒకవైపు పట్టీ లోపలి అంచు నుంచి చీలి, పాత గోనెసంచిలా పోగులు పోగులుగా ఊడి ఉంది. గోపయ్య దాన్ని లాక్కుని, వేలితో అంచు తడిమి, గట్టిగా అరిచాడు.

"ఉన్నది! నా గురుతే! ప్లేటు నాదే!"

లోపలి అంచున వేలి గోరంత గాటు ఉంది. కాటమయ్య ప్లేటును వెలుతురుకు పట్టి చూశాడు. చీలిక సరిగ్గా ఆ గాటు దగ్గరే మొదలైంది.

"గిదేంది?" అన్నాడు మెల్లగా.

"చెవుగాటు," అన్నాడు గోపయ్య. మొహం ఇంకా వెలిగిపోతూనే ఉంది. "గొర్లకు చెవు కోస్తం గద అన్నా, మంద మందల కలిస్తె మనదాన్ని గురుతు పట్టనీకె. గట్లనే ఆకురాయితోని కోసిన. నీకు కానరావద్దని బూడిద గూడ అద్దిన."

"నేసిన బట్టకు అంచు కోస్తె ఏమైతది గోపయ్యా?" కాటమయ్య ఆ గాటు మీద వేలు పెట్టాడు. "నువ్వు కోసిన కాడ తీగె తెగింది. నీ నూరు గుర్రాలు గాడనే పట్టి గుంజినయ్. ప్లేటు మంచిదే. నా పని మంచిదే. దాన్ని సంపింది నీ అనుమానం!"

ఆ అంచు కూడా తుడిచి చూడాల్సిందని కాటమయ్య తనను తాను తిట్టుకున్నాడు. కానీ పని నేర్చిన ఇన్నేళ్లలో ప్లేటుకు చెవి కోసే మనిషి ఉంటాడని ఎవరు అనుకుంటారు?

గోపయ్య మొహంలో వెలుగు ఆరిపోయింది. "తప్పయింది అన్నా. ఇంకో ప్లేటు తెస్త."

"మల్ల చెవు కోసి తెస్తవా?" అన్నాడు ఐలేశం. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్యే ఐలేశం మెల్లగా, "నా బిరేకులు ఇయాలనే చూడన్నా," అన్నాడు.

కాటమయ్య నవ్వలేదు. ఐలేశాన్ని చేత్తో పక్కకు జరిపి ముందుకు వంగాడు. సామాను పెట్టెలోంచి రేకులు కోసే కత్తెర తీసి గోపయ్య చేతిలో పెట్టాడు. తల వంచి, తన కుడి చెవిని రెండు వేళ్లతో పట్టి ముందుకు లాగాడు.

"కొయ్యి," అన్నాడు. "మనదాన్ని గురుతు పట్టనీకెనే గద గాటు పెట్టేది? నాలుగేండ్ల సంది నీ కండ్ల ముందటనే ఉన్న, నన్ను గురుతు పట్టకపోతివి. కొయ్యి. ఇగ ఇయాల్టి సంది గురుతు పడుదువు."

గోపయ్య కత్తెరను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాటమయ్య చెవి వదల్లేదు.