ఫ్యాను కింద కుర్చీ

తెర మీద మీసాల భర్త పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. నజీబ్ గొంతు ముందే ఆగిపోయింది.

"మళ్లీ ఉస్తాద్," డబ్బింగ్ గది అద్దం అవతలనుంచి హగోప్ అన్నాడు. "ఆయన నోరు మూసుకోలేదు, నువ్వు మూసేసుకుంది."

హగోప్ అర్మేనియన్. బేరూత్‌లోనే పుట్టి పెరిగినా అతని నోట్లో ఆడా మగా ఎప్పుడూ కలగాపులగమే. మామూలు రోజుల్లో నజీబ్ దానికి నవ్వేవాడు. ఇవాళ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు సర్దుకుని మళ్లీ చదివాడు.

"ప్రియతమా, నీవు లేని ఈ జగత్తు నాకేల?"

అట్లా ఎవరూ మాట్లాడరు. ఏ ఇంట్లోనూ ఏ మొగుడూ పెళ్లాంతో అట్లా అనడు. పరదేశపు సీరియళ్లలో మొగుళ్లకు మాత్రం ఆ భాషే పెడతారు. నజీబ్ చాలాకాలంగా ఆ మొగుళ్లందరికీ గొంతు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. పలచని జుట్టు, కళ్ల కింద సంచులు, మెడ మీద సరిగ్గా గీయని గడ్డం. అంతకుముందు తెర మీద ముఖం కూడా అతనిదే ఉండేది. పెద్ద వేషాలు కావు. పోలీసు, పక్కింటాయన, పెళ్లికూతురి మేనమామ.

ఒకసారి టీవీలో కూర్చోబెట్టి అడిగారు, పెళ్లెందుకు చేసుకోలేదని. నజీబ్ దాచలేదు. ఒకప్పుడు హుదా అనే అమ్మాయిని ప్రేమించాననీ, ఇప్పుడు మిత్రీ అనే మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నాననీ, ఇద్దరినీ నిజంగానే ప్రేమించాననీ చెప్పాడు. "అయితే మీరేమిటి?" అని అడిగింది యాంకరమ్మ ముందుకు వంగి. "నేను నజీబ్‌ని," అన్నాడు. అంతకు మించి రాబట్టలేకపోయింది. ఆ తర్వాత ముఖం అక్కర్లేదన్నారు, గొంతు చాలన్నారు. ఒకరోజు కుర్రకారు కొందరు పూలగుత్తి పట్టుకుని ఇంటికొచ్చారు, మా సభలో మీరేమిటో చెప్పే ఆ ఒక్క మాటా మీ నోటితో అనండి అని. "ఆ చొక్కా మీకు సరిపోతే వేసుకోండి పిల్లలూ. అది నా ఒంటి కొలతకు కుట్టింది కాదు," అని కాఫీ ఇచ్చి పంపాడు. వాళ్లూ నొచ్చుకున్నారు.

మిత్రీ లిఫ్టులు బాగుచేసేవాడు. కరెంటు పోయి మధ్యలో ఇరుక్కున్న వాళ్లను చేయి పట్టి పైకి లాగేవాడు. వాళ్లమ్మను పెద్దకొడుకు పేరుతో ఉమ్ సాబా అంటారు. ఆమెకు దినదిన గండం. ఆ తాడు ఎప్పుడు తెగుతుందో, ఆ గోతిలో బిడ్డ ఏమైపోతాడోనని పొద్దున్నే ఫోను, మధ్యాహ్నం ఫోను. నజీబ్ ఎత్తితే, "ఉస్తాద్ నజీబ్, వాడు అన్నానికి వచ్చాడా? వాన పడుతోంది, తాళ్లు తడుస్తాయేమో!" అనేది. తాడు తెగలేదు. మొన్న వంటింట్లో నారింజపండు వలుస్తూ మిత్రీ నేల మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు. నిన్న పూడ్చారు. నజీబ్ చర్చిలో వెనక బల్ల దగ్గర, కూరగాయల కొట్టాయన పక్కన నిలబడ్డాడు.

"ఇంటికి పోరాదా?" అన్నాడు హగోప్. "రేపు చేసుకుందాం."

"ఇంట్లో ఏముంది? ఈ భాగం పూర్తిచేద్దాం."

మొగుడు ఏడ్చాడు, క్షమించాడు, తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. నజీబ్ అన్నీ సరిగ్గా పెదవులకు అతికించాడు. తన గొంతు ఎక్కడో పక్కగదిలో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

బయటికి వచ్చేసరికి ఫోను మోగింది. మిత్రీ అన్న సాబా.

"సాయంత్రం పలకరింపులకు వస్తావుగా? ఒక్క సంగతి నజీబ్. జహ్లే నుంచి మామయ్యలు దిగారు. వీడెవడని అడుగుతారు, ఏమని చెప్పమంటావు?"

నజీబ్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"స్నేహితుడంటే స్నేహితుల వైపు కూర్చోబెడతా, గొడవ లేదు. కాదు ఇంకోటంటావా, నువ్వే టీవీలో చెప్పావుగా, ఆ ఇంకోటి ఏమిటో నా నోటికి అందించు. మామయ్యలతో నేను పోట్లాడతా, ఒట్టు. మాట లేకుండా ఎట్లా పోట్లాడను?"

"నేను మిత్రీతో ఉన్నాను సాబా."

"ఉన్నావు, ఎవరు కాదన్నారు? ఉంటే ఏమైనట్టు?"

"ఉన్నట్టు."

"చచ్చినోడూ ఇంతే, బతికున్నోడూ ఇంతే," అని సాబా ఏడుపు గొంతుతో ఫోను పెట్టేశాడు.

స్నేహితుడు అనేస్తే అయిపోయేది. కానీ ఆ మాటతో ఆ వంటింటిని, ఆ సగం వలిచిన నారింజను తానే అబద్ధం చేసినట్టవుతుంది. ఇంకో మాట అంటే ఊరంతా ఆ మాటనే చూస్తుంది, మిత్రీని చూడదు. నజీబ్ టాక్సీ ఆపాడు.

"హమ్రాకా? ఎక్కు," అన్నాడు డ్రైవరు. రెండు వీధులు దాటాక నజీబ్ దారి చెబితే ఉలిక్కిపడి తిరిగాడు. "ఆగాగు! నువ్వు ఆ సీరియల్ మొగుడివి కదూ! నీ గొంతు విని మా ఆవిడ కూర మాడ్చేస్తుందయ్యా. నాతో ఒక్కనాడు అట్లా మాట్లాడావా అని నన్ను తిడుతుంది. ఇంతకీ నీ ఇంటావిడ అదృష్టం ఎట్లా ఉందో!"

"నాకొకాయన ఉండేవాడు. నిన్న పూడ్చాం."

డ్రైవరు అద్దంలో ఒకసారి చూశాడు. రేడియో గొంతు పెంచాడు.

హమ్రాలో చర్చి కింది హాలులో తలుపుకు కుడివైపు ఇంటివాళ్లు బారుగా కూర్చున్నారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరి చేయీ పట్టుకుని, "పోయినవాడి ఆయువు నీకు కలవాలి," అనాలి. ఆ మాట ఇంటివాళ్లకే అంటారు. తక్కినవాళ్లు మిగిలిన గోడల వెంట కూర్చుని చక్కెర లేని కాఫీ తాగి లేస్తారు. నజీబ్ చేతులు కలుపుకుంటూ బారు వెంట నడిచాడు. మామయ్యలు వేళ్ల చివర్లు అందించారు. ఉమ్ సాబా నల్లబట్టల్లో ఎటో చూస్తోంది. ఆమె చేయి అతని చేతిలో చల్లగా ఉండి జారిపోయింది. సాబా తల వంచుకున్నాడు. నజీబ్ ఎడమవైపు చివరన, ఫ్యాను కింద ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

కాఫీ పోసే మనిషి చిన్న కప్పు చేతిలో పెట్టి వెళ్లాడు.

"అతనే," అంది పక్కనుంచి ఒకావిడ.

"ఆహా? మరి ఏమిటట?"

"అదే చెప్పడట."

"చెప్పకపోతే ఎట్లా తల్లీ! మనం ఏమని ఓదార్చాలి?"

నజీబ్ కప్పులోకి చూశాడు. ఆకలి లేదు, కోపం లేదు. మడమ దగ్గర బూటు కొరుకుతోంది. అదొక్కటే తెలుస్తోంది.

"ఇమ్మీ!" అని ఉమ్ సాబా గొంతు వినిపించింది.

"ఏంటమ్మా?" అని సాబా వంగాడు.

"నిన్ను కాదు."

ఆమె ఎడమవైపు చూస్తోంది. ఇన్నేళ్లూ ఫోనులో అతన్ని ఉస్తాద్ అనే పిలిచింది. ఇమ్మీ అని తల్లి తన పిల్లలను మాత్రమే పిలుస్తుంది.

"ఇమ్మీ నజీబ్! ఆ ఫ్యాను కింద ఎవరు కూర్చోమన్నారు నిన్ను? చెమట మీద గాలి కొడితే గొంతు పట్టేస్తుంది. రేపు గొంతు పోతే ఏం తిని బతుకుతావు? లే, ఇటు రా."

హాలులో కప్పుల చప్పుడు కూడా ఆగింది. పెద్ద మామయ్య మెడ తిప్పి, "ఎవరే ఈయన?" అన్నాడు.

"నజీబ్."

"నజీబంటే?"

"నజీబంటే నజీబే. నీకు చెవుడా? జరుగు కాస్త."

మామయ్య జరగలేదు. సాబా లేచి తన కుర్చీ తల్లి పక్కకు తోసి, తాను వెనక నిలబడ్డాడు. నజీబ్ ఆ పొడుగాటి హాలు అడ్డంగా దాటి వచ్చి కూర్చున్నాడు. ఉమ్ సాబా అతని కోటు గుండీ పైదాకా పెట్టి, మళ్లీ ఎటో చూడసాగింది.

తలుపు తెరుచుకుని కొత్తగా ఎవరో ముసలాయన వచ్చాడు. మామయ్యల చేతులు పట్టుకున్నాడు. ఉమ్ సాబా చేయి పట్టుకున్నాడు. నజీబ్ దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, కుర్చీ ఏ వైపున ఉందో చూసుకుని, చేయి చాచాడు.

"పోయినవాడి ఆయువు నీకు కలవాలి."

"మీరు చల్లగా ఉండాలి," అన్నాడు నజీబ్. గొంతు అతనిదే.

అవతల ఫ్యాను కింద ఖాళీ కుర్చీ మీద, తాగని కాఫీ కప్పులో నల్లటి తెట్టు ఆ గాలికి సన్నగా ముడతలు పడుతోంది.