వంతు అందించిన చెయ్యి

గురువారం సాయంత్రమైతే దర్జీ అక్క తన కుట్టుమిషనును గోడవారకు జరిపేది. కత్తిరించి మిగిలిన గుడ్డముక్కలను సంచిలో కుక్కి, నేలంతా అయస్కాంతం తిప్పి గుండుసూదులు ఏరితేగాని ఆమె మనసు కుదుటపడేది కాదు. వచ్చేవాళ్లు పరాయివాళ్లేమీ కారు. తాపీమేస్త్రి, నర్సమ్మ, మోటారు మెకానిక్కయిన తన తమ్ముడు, అతని భార్య. అయినా ఎవరి కాల్లో ఏం దిగబడుతుందోనని ఆమె హడలు.

ఆదివారం సంఘ ఆరాధనకు వందలమంది వచ్చేవారు. అక్కడ ఆమెకు కనిపించేవి వీపులే. చాలా వీపుల మీది చొక్కాలూ జాకెట్లూ ఆమె కుట్టినవే కాబట్టి ఏ కుట్టు పిగులుతోందో తెలిసేది గాని, ఆ వీపు ముందు ఉన్న మనిషికి ఏం పిగులుతోందో తెలిసేది కాదు. అందుకే పాస్టరుగారు వీధికొక ఇంట్లో ప్రార్థనకు గృహ కూటం పెడదామన్నప్పుడు ఆమె తన ముందుగదిని ఇచ్చింది. అయిదు కుర్చీలు గుండ్రంగా వేస్తే మోకాళ్లు మోకాళ్లకు తగిలేవి.

వాళ్లకొక పద్ధతి ఉండేది. బైబిలు వాక్యం చదివి మాట్లాడుకున్నాక అందరూ చేతులు పట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఒకరి ప్రార్థన అయిపోగానే పక్కవాళ్ల చెయ్యి నొక్కాలి. అంటే వంతు మీది అని. నోట మాట రానివాళ్లు ఊరికే తర్వాతి చెయ్యి నొక్కేస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

మరదలు ఎప్పుడూ అలాగే నొక్కేసేది. తమ్ముడి ప్రార్థన మాత్రం పొడుగు. ఆదివారం పాటలు ఎత్తుకునేవాడు అతనే. గొంతు విప్పితే వెనక వరసలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు.

ఆ గురువారం కుర్చీలో కూర్చుంటూనే మేస్త్రి అన్నాడు. “ఒరే అబ్బాయ్, ఇవాళ కొంచెం చిన్నది చెయ్యి. పోయినవారం నీ ఆమేన్ వచ్చేసరికి నేను కలిపిన సిమెంటు గట్టిపడిపోయింది.”

“నీకు కునుకు పట్టింది, సిమెంటుకి కాదు” అంది నర్సమ్మ.

“నిద్ర కాదమ్మా, ధ్యానం.”

“గురక పెట్టే ధ్యానం మా వార్డులో కూడా చూళ్లేదు.”

అందరూ నవ్వారు. మరదలు నవ్వలేదు. ఎడమ చేతిని పైటలో దాచుకుని కూర్చుంది.

“ఏమైందే?” అంది అక్క.

“ఏం లేదు వదినా, చలిగా ఉంది.”

చలి లేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. కిందటి నెల చెంప మీద ఎర్రగా కమిలితే ఇస్త్రీపెట్టె తగిలిందంది. అంతకుముందు మెట్ల మీద జారానంది. అక్క అన్నీ నమ్మింది. నమ్మడం కంటే, నమ్మకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి భయపడింది అనడం సబబు. ఆమెకు ఈ లోకంలో మిగిలింది ఆ తమ్ముడొక్కడే. తండ్రి ఒకరోజు పొద్దున్నే చెప్పులు వేసుకుని వెళ్లి మళ్లీ రాలేదు. తల్లి ఆసుపత్రి మంచం మీద మొహం అటు తిప్పుకుని పోయింది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే.

చేతులు కలిపారు. కళ్లు మూసుకున్నారు. నర్సమ్మ నాలుగు మాటల్లో ముగించి మేస్త్రి చెయ్యి నొక్కింది. మేస్త్రి తన మోకాలి నొప్పిని, కొత్త గోడను, తన మీద కోపంగా ఉన్న కొడుకును దేవుడి ముందు పెట్టి తమ్ముడి చెయ్యి నొక్కాడు.

తమ్ముడు మొదలుపెట్టాడు. ఇంట్లో శాంతి గురించి, ఓర్పు గురించి, మెత్తని మనసు గురించి. మాటలు తేనెలా జారుతున్నాయి. చివర్లో ఆమేన్ అని, భార్య చెయ్యి నొక్కాడు.

ఆమె గొంతులోంచి ఒక కేక బయటపడింది. సగంలో పళ్లతో కొరికేసిన కేక.

“స్తోత్రం!” అంది నర్సమ్మ, కళ్లు మూసుకునే.

“ముట్టుతున్నాడమ్మా, ప్రభువు ముట్టుతున్నాడు” అన్నాడు మేస్త్రి గద్గదంగా. “ఏడువు తల్లీ, ఆపుకోకు.”

అక్కకు మాత్రం ఆ కేక కొత్తది కాదు. చిన్నప్పుడు పక్కగదిలో తల్లి గొంతులోంచి వచ్చింది అదే. ఆ రోజుల్లో ఆమె తమ్ముణ్ణి ఒళ్లో అదుముకుని, అరచేత్తో వాడి మొహం కప్పి, కళ్లు మూసుకో నాన్నా, మూసుకుంటే అయిపోతుంది అనేది.

ఆమె కళ్లు తెరిచింది.

మరదలి ఎడమచేతి చివరి రెండు వేళ్లు నల్లగా ఉబ్బిపోయి, ఒకటి పక్కకు ఒరిగి ఉంది. గోరు ఊడి వేలాడుతోంది. తమ్ముడు ఆ వేళ్లనే పట్టుకుని, ఇంకా నొక్కుతున్నాడు. స్పానరు తిప్పే చెయ్యి అది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. అక్కనే చూస్తున్నాయి. తల కొంచెంగా అడ్డంగా ఊపాడు. వద్దు అని.

అక్క కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు వాడికి నేర్పిన విద్య తన కనురెప్పల మీదికే తిరిగొచ్చి కూర్చుంది.

అప్పుడు మరదలి కుడిచెయ్యి ఆమె చేతిని నొక్కింది. ఎప్పటిలా నొక్కి వదలలేదు. మునిగిపోయేవాళ్లు ఒడ్డున గడ్డిని పట్టుకున్నట్టు, గోళ్లు దిగేలా పట్టుకుంది.

వంతు అక్కది. గదిలో ఫ్యాను చప్పుడు. ఊరుకుంటే తమ్ముడు ఉంటాడు. నోరు విప్పితే పోతాడు. నర్సమ్మ చెయ్యి నొక్కేస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

“ప్రభువా” అంది. మళ్లీ అంది. “ప్రభువా, నా తమ్ముడు దీని వేళ్లు విరగ్గొట్టాడు. ఇప్పుడు, నా గదిలో, నీ పేరు చెప్పి ఆ విరిగిన వేళ్లనే నులుముతున్నాడు.”

అందరి కళ్లూ తెరుచుకున్నాయి.

“ప్రార్థన చేస్తున్నావా, ఫిర్యాదు చేస్తున్నావా?” తమ్ముడు నవ్వబోయాడు. “తలుపు సందులో పడ్డాయక్కా. చెప్పవే, ఎలా పడ్డాయో చెప్పు.”

“పడలేదు” అంది మరదలు. “నువ్వు పెట్టి తలుపు వేశావు.”

తమ్ముడు ఎత్తిన కుర్చీ ఎత్తినట్టే ఆమె మీదికి వచ్చింది. అక్క అడ్డం పడింది. కుర్చీకాలు ఆమె కణతకు తగిలి కళ్లముందు గది తెల్లబడింది. తమ్ముడు భార్య జుట్టు చేతికి చుట్టుకుని గుమ్మం వైపు ఈడ్చాడు. నర్సమ్మ అతని మణికట్టును పళ్లతో పట్టుకుంది. రక్తం వచ్చినా వదల్లేదు. అతను ఆమెను గోడకేసి కొట్టి, బల్ల మీది కత్తిరింపుల కత్తెర అందుకున్నాడు. మూరెడు కత్తెర, అక్క పొద్దున్నే సాన పట్టించింది.

“దాన్ని ఇంటికి తీసుకెళ్తాను. ఎవడు అడ్డొస్తే వాణ్ణి పొడుస్తాను.”

మేస్త్రి అడ్డొచ్చాడు. కత్తెర అతని ముంజేతిని మోచేతి దాకా చీల్చింది. అయినా అతను ఇటుకల తట్ట ఎత్తినట్టు తమ్ముణ్ణి నడుం దగ్గర పట్టి ఎత్తి, గుమ్మంలోంచి వీధిలోకి తోసి, తనూ అతని మీద పడ్డాడు. అక్క తలుపు వేసి గడియ పెట్టింది. నర్సమ్మ పగిలిన నుదురు తుడుచుకుంటూనే పోలీసులకు ఫోను చేసింది.

బయట ఇద్దరూ గుద్దుకుంటున్న చప్పుడు. పెదవి చిట్లిన చప్పుడు కూడా వినిపించినట్టయింది అక్కకు. కిటికీ అద్దం భళ్లున పగిలి గదిలో చెల్లాచెదురైంది. ఏరడానికి అయస్కాంతం పనికిరాని గాజు. తర్వాత ఇరుగుపొరుగువాళ్లు విడదీశారో ఏమో, చప్పుడు తగ్గింది. తలుపు మీద అరచేతి దెబ్బలు మాత్రం మిగిలాయి.

“అక్కా, తలుపు తియ్యవే. నాన్న వదిలేసి పోయాడు, అమ్మ పోయింది. నువ్వు కూడా నన్ను వదిలేస్తావా?”

అక్క తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆ దెబ్బ ఒక్కొక్కటీ ఆమె వెన్నులో తగులుతోంది. చెయ్యి గడియ మీదికి తనంతట తనే వెళ్లింది. ఎదురుగా మరదలు నేల మీద ఆ వేళ్లను గుండెకు హత్తుకుని కూర్చుని ఉంది. బతిమాలలేదు. ఊరికే చూస్తోంది.

“తియ్యను రా” అంది అక్క. “నీ మొహం కప్పి తప్పు చేశాను. నువ్వు ఆ రోజు చూసి ఉండాల్సింది. చూసి ఉంటే ఏం చేసేవాడివో నాకు తెలీదు. కానీ నేను ఇవాళ చూశాను. తియ్యను.”

జీపు వచ్చింది. చేతికి ఎవరిదో తువ్వాలు చుట్టుకున్న మేస్త్రి, ఆసుపత్రికి పదమంటే ముందు స్టేషనుకు అన్నాడు.

“నీకేమైనా మతి పోయిందా? నిన్ను పొడిచినవాడితో కలిసి ఎక్కుతావా?” అంది నర్సమ్మ.

“ఫిర్యాదు నేను ఇవ్వాలిగా. వదిలిపెట్టమని అడగను, భయపడకు” అన్నాడు. “అయినా వాడి ప్రార్థన పొడుగు. లోపల వినడానికి ఒకడుండాలి.”

ఆదివారం సంఘంలో ఎవరో అన్నారు, ఇంటి మాటను వీధిలో పెట్టారని. ఎవరో కొత్తవాడు పాట ఎత్తుకున్నాడు. శ్రుతి కుదరలేదు. అక్క ముందు వరస వీపులను చూస్తూ, వీటిలో ఎన్ని వీపుల మీద వాతలున్నాయో అనుకుంది. తన కొలత టేపుకు తెలియని కొలత అది.

మళ్లీ గురువారం వచ్చింది. ఒక కుర్చీ విరిగిపోయింది కాబట్టి నాలుగే వేసింది. మరదలు ఇప్పుడు ఉండేది అక్క లోపలిగదిలోనే. కట్టు కట్టిన వేళ్లతో కాజాలు కుట్టడం నేర్చుకుంటోంది.

“ఒక్క మాట” అంది మరదలు, అందరూ చేతులు కలపబోతుంటే. “కళ్లు మూసుకోవద్దు.”

మూసుకోలేదు. మొదట్లో ఇబ్బందిగానే ఉంది. నర్సమ్మ ప్రార్థిస్తుంటే ఆవిడ ముక్కు అదిరే తీరు చూసి, కుట్లు పడిన పెదవితో మేస్త్రి నవ్వు ఆపుకోలేక అబ్బా అన్నాడు. తర్వాత మరదలి వంతు. ఆమె ఎప్పటిలా తర్వాతి చెయ్యి నొక్కేయలేదు. “నాకు రాత్రి నిద్ర పట్టింది. అంతే” అంది. ఆ కూటంలో ఆమె చేసిన మొదటి ప్రార్థన అది. ఇక వంతు మీదన్నట్టు మరదలు అక్క మోచేతిని మెల్లగా తట్టింది.

అక్క నోరు తెరిచింది. తమ్ముడి కోసం దేవుణ్ణి అడగాలి. పదిమందీ ఛీ అన్నవాడి కోసం ఎవరో ఒకరు అడగాలిగా. మరదలి మొహం చూసింది.

“మీరు అడగాలనుకునేది నాకు తెలుసు వదినా” అంది మరదలు. “అడగండి. నా ముందు మాత్రం వద్దు. ఇంకా వద్దు.”

నర్సమ్మ లేచి అక్క చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వంటగదిలోకి వెళ్లారు. పొయ్యి పక్కన నిలబడి, నర్సమ్మ నెమ్మదిగా, తనను గోడకేసి కొట్టినవాడి కోసం అడిగింది. అక్క ఆమేన్ అంది. అంతసేపూ కళ్లు మూసుకోలేదు. తెరిచిన తలుపులోంచి, ముందుగదిలో మేస్త్రి ఒంటిచేత్తో మరదలికి సూదిలో దారం ఎక్కించబోయి తిట్లు తింటుంటే చూస్తూనే ఉంది.