పైనే ఉండిపోయిన షాట్

దేదీప్యకి అన్యాయం జరిగింది 2019 మే 18న, శనివారం పొద్దున, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. చేసినావిడ పేరు విద్య. ముందే చెప్పేస్తే కథలో పస పోతుందనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆ రోజు దాకా శనివారాలన్నీ ఒక్కలాగే తెల్లవారేవి. విద్య ఇడ్లీ కుక్కర్ పెట్టేది. మొగుడు రవికుమార్ లాన్‌లో గడ్డి ఎండిపోతోందని సణిగేవాడు. కూతురు నైనిక బూట్లలో ఒకటి దొరక్క ఇల్లంతా తిరిగేది. తొమ్మిదింబావుకి వెనక వీధి అపార్ట్‌మెంట్ల నుంచి దేదీప్య నడుచుకుంటూ వచ్చేది, చంకలో బంతితో. గరాజ్ తలుపు లేచేది, ఇద్దరు పిల్లలూ వెనక సీట్లో పడేవాళ్ళు. బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్‌కి తీసుకెళ్ళడం విద్య పని. బదులుగా దేదీప్య తల్లి వసంతలక్ష్మి గోంగూర పచ్చడో, కారప్పూసో పంపేది. వాళ్ళకున్నది ఒక్క కారు, అది భర్త ఆఫీస్‌కి తీసుకుపోతాడు. ఆవిడకి అప్పటికి లైసెన్స్ లేదు. కార్‌పూల్ అనేది అమెరికా తెలుగువాళ్ళు సంపాదించుకున్న కొత్త చుట్టరికం. పాత చుట్టరికాల్లో ఉన్న కడుపుమంట ఇందులోనూ ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పరు.

పిల్లలిద్దరికీ పదిహేనేళ్ళు. ఇద్దరూ పాయింట్ గార్డులే, అంటే బంతిని ముందుకు నడిపించి ఆట అల్లేవాళ్ళు. నైనిక బాగా ఆడేది. దేదీప్య ఆడుతుంటే పక్క కోర్టువాళ్ళు ఆట ఆపి చూసేవాళ్ళు. పిల్ల పొట్టిది. పొడుగాటి పిల్లల చేతులకి అందకుండా బంతిని గాలిపటంలా పైకి వదిలి, తీరిగ్గా రింగులోకి దింపేది. ఆ షాట్‌ని ఫ్లోటర్ అంటారు. కోచ్ నేర్పింది కాదు, ఆ పిల్ల చేతికి అలా వచ్చింది.

ఆ మే నెలలో ఇండియా నుంచి సెలెక్టర్లు వచ్చారు. పదహారేళ్ళలోపు ఆడపిల్లల జాతీయ జట్టు ఆసియా పోటీలకి వెళ్ళాలి. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్ని కూడా చూద్దామని ప్లేనోలో ఒక స్కూల్ జిమ్‌లో ట్రయల్స్ పెట్టారు, శనివారం పది గంటలకి. ఎప్పట్లాగే ఇద్దరూ విద్య కారులోనే వెళ్ళాలి. ఎవరో విద్య చెవిన వేశారు: టెక్సస్ నుంచి పాయింట్ గార్డు ఒక్కరినే తీసుకుంటారట.

ఆ ఒక్క మాట చాలు. శనివారం పొద్దున ఇడ్లీలు ఇంకా కుక్కర్‌లో ఉండగానే విద్య తాళాలు తీసుకుంది.

"దీపూ ఇంకా రాలేదు కదా మామ్?" అంది నైనిక.

"వాళ్ళమ్మ తీసుకొస్తుందిలే. తొమ్మిదింటి నుంచి రాహుకాలం. ఈలోపే గడప దాటాలి, పద."

శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. చిన్నప్పుడు అందరం బట్టీ పట్టిందే. కానీ రాహువు చేతికి వాచీ ఉండదు. ఏ ఊళ్ళో సూర్యుడు ఎప్పుడు లేస్తే ఆ లెక్కన నడుస్తాడు. ఫ్రిస్కోలో ఆ రోజు రాహుకాలం మొదలయ్యేది తొమ్మిదీ యాభై నాలుగుకి. ఈ సంగతి ఊరందరికంటే బాగా తెలిసిన మనిషి విద్య. లలితా పారాయణానికి వచ్చిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి, "ఇండియా టైమింగ్స్ ఇక్కడ పనికిరావండీ, లోకల్ సన్‌రైజ్ చూసుకోవాలి" అని పాఠం చెప్పింది ఆవిడే. పాఠం చెప్పిన మనిషే తొమ్మిది కొట్టకుండా కారు తీసింది.

ప్లేనో దగ్గర సిగ్నల్ పడింది. ఫోన్ టింగుమంది. తలుపు దగ్గర పెట్టిన కెమెరా: మీ ఇంటి ముందు ఎవరో ఉన్నారు. తెరిచి చూసింది. దేదీప్య. బెల్ కొట్టింది, ఆగింది, ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది. విద్య చేతిలో అదే ఫోన్ వణికింది. ఎత్తలేదు. పిల్ల డ్రైవ్‌వేలోకి నడిచి వీధి ఆ చివరా ఈ చివరా చూసింది. ఏం చెయ్యాలో తోచక, నైనిక కోసం పాతించిన బాస్కెట్ వైపు తిరిగి ఒక్క షాట్ వేసింది. బంతి లేచింది. గ్రీన్ పడింది, వెనక కారువాడు హారన్ కొట్టాడు. విద్య ఫోన్ బోర్లించేసింది.

బంతి కిందికి రాలేదు. రింగుకి నిలువెత్తు పైన ఆగిపోయింది.

జిమ్‌లో సెలెక్టర్ మేడమ్ పాస్‌పోర్టులు చూస్తోంది. అమెరికా పాస్‌పోర్టూ నీలమే, ఇండియాదీ నీలమే. ఒకదాని మీద గద్ద, ఒకదాని మీద సింహాలు. నైనికది గద్ద.

"ఓసీఐ ఉంది మేడమ్" అని విద్య ఆ కార్డు కూడా తీసి చూపించింది.

"అది వీసా లాంటిదమ్మా. జాతీయ జట్టులో ఆడాలంటే ఇండియన్ పాస్‌పోర్టే ఉండాలి. మీ వైపు ఇండియాలో పుట్టిన పిల్లలెవరైనా ఉన్నారా, గార్డులు? ఇంకో గంట ఉంటాం, రమ్మనండి."

దేదీప్య గుంటూరులో పుట్టింది. నాలుగేళ్ళప్పుడు వచ్చింది. తండ్రి గ్రీన్‌కార్డు క్యూ కదలదు. ఆ పిల్లకి సింహాల పాస్‌పోర్టు ప్రతిచోటా ఒక అడ్డే. ఈ దేశం మొత్తం మీద అది అక్కరకొచ్చే చోటు ఆ రోజు ఆ జిమ్ ఒక్కటే.

"ఎవరూ లేరండీ" అంది విద్య.

నైనిక వింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ బంతి ముట్టలేదు, ఎందుకని విద్య అడగనూ లేదు.

మధ్యాహ్నం వసంతలక్ష్మి ఫోన్ చేసింది. "ఏమైందండీ, పిల్ల ఏడుస్తూ వచ్చింది?"

"చాలాసేపు చూశాం వసంతా. లేట్ చేసింది. రాహుకాలం ముంచుకొస్తోందని ఇంక..."

"అయ్యో, మీరేం చేస్తారు లెండి. మా దానికి అద్దం ముందే తెల్లారుతుంది."

కూతురు "నేను ముందే వెళ్ళానమ్మా" అంటే, "పెద్దావిడ అబద్ధమాడుతుందా?" అని నోరు మూయించింది.

బంతి అక్కడే ఉంది. రవికుమార్ నిచ్చెన వేసుకుని ఒకసారి లాగి చూశాడు. రాకపోయేసరికి ఎలాగూ ఎక్కాను కదా అని షాంపూ పెట్టి కడిగి దిగాడు. కాలనీ సంఘం హెచ్‌ఓఏ వాళ్ళు మెయిల్ పెట్టారు: ఇంటి బయటి వస్తువుల రంగు వెలిసిపోకుండా చూసుకోవాలని. అప్పట్నించీ ఏడాదికోసారి నారింజ రంగు వేయించేవాళ్ళు. వడగళ్ళ వానకి ఆ వీధిలో ఎన్ని ఇళ్ళ కప్పులు చితికిపోయాయో, బంతి మాత్రం ఊగలేదు. శ్రావణమాసం పేరంటానికి వచ్చినవాళ్ళు తలెత్తి చూసి, "మంచి పని చేశారండీ, దిష్టికి గుమ్మడికాయ కంటే ఇదే నయం, కుళ్ళదు" అన్నారు. విద్య నవ్వి పసుపు కుంకుమలిచ్చింది. దాని నీడ మాత్రం రోజూ తొమ్మిదింటికి కిటికీలోంచి వంటింట్లోకి వచ్చి ఆవిడ కాఫీ కప్పు మీద కూర్చునేది. కప్పు జరిపితే అదీ జరిగేది.

దేదీప్య ఆట మానలేదు. షాట్ వెయ్యడం మానేసింది. పరిగెత్తేది, బంతి లాక్కునేది, కళ్ళు మూసుకుని అందించినా స్నేహితురాలి చేతిలోకే వెళ్ళేది. రింగు కింద ఒంటరిగా దొరికినా వేసేది కాదు. కాలేజీ కోచ్ అడిగింది, "ఎందుకు వెయ్యవు?" అని.

"నా షాట్ ఇంకా పైనే ఉంది కోచ్. అది పడకుండా ఇంకోటి ఎలా వేస్తాను?"

న్యాయమేనంది కోచ్. న్యాయమే గానీ షాట్ వెయ్యని గార్డుని ఏం చేసుకోవాలంటూ బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఈ మాట వసంతలక్ష్మి నోటినుంచే విద్యకి చేరింది. ఆ సాయంత్రం డ్రైవ్‌వేలో నిలబడి మొగుడితో అంది, "ఆ రోజు ఇంకాస్త ఆగి ఉండాల్సిందేమో." పైన బంతి జానెడు కిందికి జారింది. ఇద్దరూ చూశారు.

"పోనిద్దూ, నీ తప్పేముంది?" అన్నాడు రవికుమార్.

జానెడు దిగింది మళ్ళీ జానెడు లేచింది.

అంటే ఏం చేస్తే అది దిగుతుందో విద్యకి ఆ రోజే తెలిసిపోయింది. తెలిసి ఏం చేసింది? గుడికెళ్ళి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించింది. మెడిటేషన్ యాప్ కొనుక్కుంది. దేదీప్య పుట్టినరోజుకి పట్టులంగా పెట్టింది. నూనెతో, పట్టుతో, కళ్ళు మూసుకోవడంతో అయ్యే పనులన్నీ చేసింది. నోరు తెరిస్తే అయ్యే పని ఒక్కటీ వదిలేసింది.

ఆరేళ్ళు గడిచాయి. మళ్ళీ మే నెల, మళ్ళీ శనివారం, మళ్ళీ ప్లేనోలో అదే జిమ్. ఈసారి పెద్దవాళ్ళ జట్టుకి, భారత మహిళల జట్టుకి. దేదీప్యకి ఇరవై ఒకటి నిండి తండ్రి వీసా నుంచి రాలిపోయి, స్టూడెంట్ వీసా మీద వేలాడుతోంది. ట్రయల్స్ పదకొండింటికి. తొమ్మిదిన్నరకి పాత కరోలా ఒకటి విద్య ఇంటి ముందు ఆగింది. వసంతలక్ష్మి డ్రైవ్ చేస్తోంది ఇప్పుడు.

"ఏమనుకోకండి విద్యగారూ. వెళ్ళేముందు ఆ బంతిని ఒక్కసారి చూసి వెళ్తానంది. ఏం చూస్తుందో! షాట్లు వెయ్యని పిల్లని ఎవరు తీసుకుంటారు చెప్పండి? ఇవాళా బెంచీయే. ఇదే ఆఖరుసారట, సెలెక్టర్లు మళ్ళీ రారట."

దేదీప్య రింగు కింద నిలబడి పైకి చూస్తోంది.

"ఆ రోజు పావుగంట ముందు తెమిలి ఉంటే ఈ గొడవే లేదు కదే" అంది తల్లి. ఆరేళ్ళుగా అరిగిపోయిన మాట. "మీరు మంచివాళ్ళు కాబట్టి అంతసేపు ఆగారు. ఇంకొకరైతే ఆగుదురా?"

విద్య తలూపబోయింది. ఆరేళ్ళ అలవాటు. మెడ కదల్లేదు.

దేదీప్య పైనుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఆంటీ, ఇవాళ రాహుకాలం ఎప్పటి నుంచి?"

విద్య బంతి వైపు చూడకుండా చెప్పింది. "తొమ్మిదీ యాభై నాలుగు."

బంతి జానెడు దిగింది.

"ఆ రోజు?"

"అదేంటే, శనివారం తొమ్మిది నుంచేగా..." అని వసంతలక్ష్మి అందుకోబోయి ఆగిపోయింది. "లోకల్ సన్‌రైజ్ అని మీరేగా మాకు నేర్పింది?" అంది, విద్య వైపు తిరిగి.

"ఆ రోజూ అంతే" అంది విద్య. ఒకసారి కదిలాక నోరు ఆగలేదు. "తొమ్మిది కాకుండానే వెళ్ళిపోయాను వసంతా. కావాలనే. ఎదురుచూళ్ళేదు. నీ కూతురు నా గుమ్మం ముందు నిలబడి నాకే ఫోన్ చేస్తుంటే చూస్తూ కూడా ఎత్తలేదు. అక్కడ వాళ్ళు ఇండియాలో పుట్టిన గార్డు ఉంటే ఇప్పుడైనా రమ్మనండి అన్నారు. ఎవరూ లేరని చెప్పాను. పిల్ల లేట్ కాలేదు. లేట్ అని నేను అన్నాను."

వసంతలక్ష్మి ఆవిడని తిట్టలేదు. తిడితే బాగుండును అనుకుంది విద్య. వసంతలక్ష్మి కూతురి వైపు తిరిగింది.

"నువ్వు టైమ్‌కే వచ్చావా?"

"రోజూ కంటే ముందే వచ్చానమ్మా. చెప్పాను కదా."

"చెప్పావు" అంది తల్లి. మళ్ళీ, "చెప్పావు" అంది. "పరాయావిడ మాట పట్టుకుని నా బిడ్డని అబద్ధాలకోరుని చేశాను."

అప్పుడు దిగింది బంతి. ఆదరాబాదరా ఏం లేదు. ఆరేళ్ళ కిందట ఏ తీరున బయల్దేరిందో ఆ తీరునే వచ్చి, రింగుని తాకకుండా వలలోంచి జారి, కాంక్రీటు మీద ఒక్కసారి ఎగిరి దేదీప్య చేతుల్లో పడింది. గాలి పిసరంత తగ్గలేదు. పిల్ల దాన్ని రెండుసార్లు నేలకేసి కొట్టి చంకలో పెట్టుకుంది.

"నేను డ్రైవ్ చేస్తాను, పెద్ద కారులో హాయిగా..." అంది విద్య.

"వద్దండీ" అంది వసంతలక్ష్మి. "మాకు కారుంది."

"అమ్మా, రాహుకాలం దాటాక వెళ్దామంటావా?" అడిగింది దేదీప్య.

"ఇప్పుడే వెళ్దాం. రాహువు మనకేం ద్రోహం చేశాడని?"

దేదీప్య ఆ రోజు జిమ్‌లో ఆరేళ్ళ షాట్లూ వేసింది. జట్టులోకి తీసుకున్నారు. ఆ ఎండాకాలంలో ఆసియా పోటీల్లో నీలం జెర్సీ తొడుక్కుని దిగింది. తనకంటే అడుగున్నర పొడుగున్న అవతలి జట్టు సెంటర్ చేతుల మీదుగా బంతి వదిలినప్పుడు, ఫ్రిస్కోలో విద్య ఫోన్‌లో చూస్తూ లేచి నిలబడింది. బంతి పైకి వెళ్ళింది. కిందికి వచ్చింది. అందరి బంతుల్లాగే.

విద్యకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. పచ్చడి సీసా రాలేదు. ఆ శ్రావణంలో పేరంటానికి పిలిస్తే వచ్చినవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళు కూర్చోలేదు. నైనిక ఒక్కతే మెసేజ్ పెట్టింది: "థాంక్స్ మామ్. నేను కూడా అప్పుడే చెప్పాల్సింది." విద్య దానికి జవాబు రాసి చెరిపింది, మళ్ళీ రాసింది.

బంతి పోయింది గానీ దాని నీడ పోలేదు. పైన ఏమీ లేకపోయినా తొమ్మిదింటికి డ్రైవ్‌వే మీద గుండ్రంగా పడి, వంటింట్లోకి నడిచి వస్తుంది. ప్రెషర్ వాష్ చేయించారు, పోలేదు. కాంక్రీటు మీద మరక ఉందని హెచ్‌ఓఏ మెయిల్ వచ్చింది. విద్య కప్పు జరపడం మానేసింది.

తలుపు కెమెరాలో పాత వీడియోలన్నీ రెండు నెలలకే చెరిగిపోతాయి. ఒక్కటి మాత్రం ఉంది, ఒకే షాట్. మొదలు: 2019 మే 18, ఉదయం 9:12. ముగింపు: 2025 మే 17, ఉదయం 9:38.