ఖాళీ మంచం

రెక్టర్ ఫోన్ చేసినప్పుడు నేను సాంచెల మధ్య, మరమగ్గాల మోతలో ఉన్నాను. జేబులో ఫోన్ వణికింది గానీ ఆ మోతలో ఏం వినబడుతుంది? కార్ఖానా బయటికొచ్చి చెవికి పెట్టుకునేసరికి ఆమె హిందీలో అదే మాట రెండోసారి చెబుతోంది.

"మీ అమ్మాయి విషయం. వెంటనే రండి. సామాను కూడా తీసుకెళ్లాల్సి రావచ్చు."

ఆ సామాను మోసుకెళ్లి దింపి వారం కాలేదు.

సూరత్‌లో హాస్టల్ చూసుకునే ఆవిడను రెక్టర్ అంటారు. మా సుమన యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. మేముండే భేస్తాన్ నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకోవచ్చు కదా అని నేనన్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడి మాట ఎవరు వింటారు? ఊళ్లో ఇల్లున్నవాళ్లకు అసలు హాస్టలే ఇవ్వరట. నా భార్య పద్మారాణి ఆ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఎవరెవరినో బతిమాలి సీటు తెచ్చింది. తల్లీబిడ్డా కలిసి నన్ను సామాను మోయడానికి మాత్రం పిలిచారు.

షిఫ్టు మధ్యలో వదిలి రావడానికి సేఠ్‌తో నానా మాటలు పడ్డాను. తలలో నూలు దుమ్ము అలాగే ఉంది. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, "పైపులు బాగుచేసేవాళ్లు వెనక గేటు నుంచి" అన్నాడు. నేను సుమన తండ్రినని చెప్పాను. అయినా నమ్మక లోపలికి ఫోన్ చేసి అడిగాకే వదిలాడు.

రెక్టర్ గదిలో మా బిడ్డ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇంకో అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. ఆ పిల్ల పేరు ధ్రువి, అమ్రేలీ వైపు నుంచి వచ్చిందట, సుమన గదిలోనే ఉంటుందట. నిలబడ్డదెవరో, కూర్చున్నదెవరో చూడగానే సగం కథ అర్థమైంది నాకు.

"మీ అమ్మాయి వేరేవాళ్ల మంచాల మీద పడుకుంటోంది" అంది రెక్టర్. "ఒకసారైతే పొరపాటు అనుకునేదాన్ని. ఆ గదిలో తనది కాక మూడు మంచాలు. మూడింటి మీదా పడుకుంది."

ధ్రువి అందుకుంది. "క్లాసు నుంచి అలసిపోయి వచ్చాను మేడం. నా మంచంలో, నా చద్దరు ముఖం మీదికి లాక్కుని నిద్రపోతోంది. లేపి ఇదేంటి అని అడిగితే, ఖాళీగా ఉంది కదా అంటుంది. పైగా నన్ను తన మంచం మీద పడుకోమంది!"

మా బిడ్డ నేల చూపులు చూస్తోంది. తను చేసిన తప్పేమిటో దానికి ఇంకా పూర్తిగా ఎక్కలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నాకు మాత్రం తెలిసిపోయింది. మాది ఒకటే గది. మూడు మంచాలు. మా బావమరిది పరుశురాం, మా ఊరి నర్సింగం, ఇంకా జగిత్యాల వైపు నుంచి వచ్చిన మావాళ్లు నలుగురు మాతోనే ఉంటారు. పద్మారాణి వండిపెడుతుంది. డే షిఫ్టువాళ్లు లేచి వెళ్లగానే నైట్ షిఫ్టువాళ్లు వచ్చి అదే మంచం మీద, ఆ వెచ్చదనం పోకముందే ఒరుగుతారు. ఏ మంచమూ ఎవరిదీ కాదు. ఏది ఖాళీ అయితే అందులో కాసేపు నడుం వాల్చి, అవతలివాడు రాగానే లేవాలి. మా సుమన పుట్టినప్పటి నుంచీ నిద్రపోయిన పద్ధతి అదే. ఖాళీ మంచాన్ని ఖాళీగా వదిలేస్తే మా ఇంట్లో తిడతారు.

ఇది ఏ ముఖం పెట్టుకుని చెప్పను? చెబితే ఆ తర్వాత ప్రశ్న కూడా వస్తుంది. అంతమంది మగాళ్ల మధ్య పెళ్లీడు పిల్ల ఎక్కడ పడుకునేదయ్యా అని. ఓ మూలకు చీర అడ్డం కట్టేవాళ్లమని చెప్పాలి.

అందుకే వేరేగా మొదలుపెట్టాను. "ఏంది మేడం, జర సేపు పండుకుంటే మంచం అరిగిపోయిందా?" అన్నాను, నాకొచ్చిన హిందీలో.

రెక్టర్ కుర్చీ వెనక్కి జరిపింది. "అరవకండి! ఇది ఆడపిల్లల హాస్టల్."

"నేను అరుస్తలేను!"

"ఆయన కొట్లాడ్తలేరు మేడం" అంది సుమన గబగబా. "మాట్లాడుడే అట్లుంటది. సాంచెల దగ్గర ఎవ్వరైనా గట్లనే మాట్లాడ్తరు."

రెక్టర్ నమ్మినట్టు లేదు. చేతులు బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది. "చూడండి భాయ్. గదిలో ముగ్గురూ ఈ అమ్మాయితో ఉండలేమంటున్నారు. వేరే గదిలో చోటు లేదు. బయటి ఊళ్ల పిల్లలు సీటు కోసం ఎదురుచూస్తున్నారు. మీ ఇల్లు భేస్తాన్‌లో. అక్కడ మీ అమ్మాయికి చోటు ఉందా, లేదా? ఉంటే ఇవాళే తీసుకెళ్లండి. లేకపోతే లేదని తండ్రిగా మీరు నా ముందు చెప్పండి. అప్పుడు ఉంచుకోవడానికి నాకు ఒక కారణం ఉంటుంది."

నేను గొంతు సవరించుకున్నాను. "ఎందుకు లేదు? సొంతంగా కిరాయి కట్టే గది ఉంది. చోటు ఉంది."

"బాపూ!" అంది సుమన.

ఆ తర్వాత తెలుగులోకి దిగింది. వాళ్లిద్దరూ మా నోళ్ల వంక చూస్తూ ఉండిపోయారు.

"ఏం చెప్తున్నవే బాపూ? ఏడున్నది జాగ?"

"ఇంట్ల బిడ్డకు జాగ లేదని చెప్పాల్నా? ఇజ్జత్ గిట్ల ఏమన్న ఉన్నదా లేదా మనకు?"

"నేనిటు రాంగనే పరుశురాం మామ నా మూలకు ట్రంకు పెట్టుకున్నడట గద. అమ్మ ఫోన్ల చెప్పింది."

"ఆని ట్రంకు అవతల పారేస్త."

"పారేసి? మల్ల చీర కట్టుకొని ఆళ్ల నడుమ పండాల్నా? ఎవలు దగ్గినా ఉలిక్కిపడి లేవాల్నా?"

"నోరు జోరుగ లేస్తున్నది నీది."

"నేనైతే రాను. నువ్వు ఉన్నదని చెప్పి పో. నేను గీ గేటు బయట కూసుంట. ఆడకు మాత్రం రాను."

నేను చెయ్యెత్తాను. అది కదల్లేదు, కళ్లు కూడా మూసుకోలేదు. ఎత్తిన చేత్తో ఏం చేయాలో తెలియక తల గీరుకున్నాను.

"ఏమంటోంది మీ అమ్మాయి?" అని అడిగింది రెక్టర్.

ఉంది అన్న నా మాట ఇంకా ఆ గదిలోనే ఉంది. దాన్ని నేనే పడగొట్టాలి.

"లేదు" అన్నాను. "మా ఇంట్లో నా బిడ్డ పడుకోవడానికి చోటు లేదు మేడం. మూడు మంచాలు, నేను కాక ఆరుగురు మగాళ్లు. పగలు కొందరు, రాత్రి కొందరు. ఏది ఖాళీ అయితే దాని మీద పడుకుని పెరిగింది ఇది. దీనికి సొంత మంచం అంటే ఏంటో తెలవదు. మేం నేర్పలేదు. చీర అడ్డం కట్టి పెంచాం. ఇంకేం చెప్పాలి?"

చెప్పడం మొదలుపెట్టాక గొంతు తగ్గించాలన్న ధ్యాసే పోయింది. నేను ఆగేసరికి బయట నడవాలో అడుగుల చప్పుడు లేదు. తలుపు దగ్గర ఎవరో అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ధ్రువి చేతిలో ఉన్న ఫోన్ ఒళ్లో పెట్టేసింది.

రెక్టర్ పెన్నుకు మూత పెట్టేసింది. తర్వాత సుమనతో అంది. "నీ మంచం ఒక్కటే నీది. రాత్రయినా పగలయినా, నువ్వు లేకపోయినా నీదే. మిగతావి నీవి కావు. మళ్లీ ఫిర్యాదు వస్తే నేనేం చేయలేను."

"సరే మేడం."

"ధ్రువి, నువ్వేమంటావు?"

ఆ పిల్ల భుజాలు ఎగరేసింది. "నా చద్దరు ఉతకాలి. మిగతా ఇద్దరివీ కూడా."

"ఉతుకుతా" అంది నా బిడ్డ, అడగకముందే.

బయటికి వచ్చాక సుమన నాతోపాటు వరండా చివరిదాకా నడిచింది. ఏదైనా మంచి మాట అంటుందేమోనని చూశాను.

"గంత జోరుగ చెప్పాల్నానే బాపూ? మెస్సు దాక వినవడ్డది."

"చెప్పుమన్నది నువ్వే గద."

"చెప్పుమన్న. ఒర్లుమన్లే." నవ్వబోయి ఆపుకుంది. "రేపటి సంది అందరు గదే అంటరు."

"అంటె ఎట్ల?"

"అననియ్. మంచమైతే ఉన్నది."

ఇంతలో ధ్రువి మెట్ల మీద నుంచి, "సుమన, చల్ నే!" అని రమ్మంటూ కేకేసింది. చద్దర్లన్నీ మూటగా చుట్టి తెచ్చింది. దగ్గరికి రాగానే ఆ మూటను మా బిడ్డ చేతుల్లోకి వదిలి, తాను ముందు నడిచింది. కోపంతో విసిరిందో, బరువై వదిలిందో నాకు అర్థం కాలేదు. నా ఒళ్లు మాత్రం మండిపోయింది. ఇంట్లో ఎవరి బట్టా ఉతకని పిల్ల అది. వెనక్కి పిలుద్దామని నోరు తెరిచాను.

"భాయ్, జెంట్స్ ఇక్కడ ఆగొద్దు" అన్నాడు వాచ్‌మన్.

గడ్డం కింద మూటను అదిమి పట్టుకుని సుమన మెట్లెక్కింది. పై మలుపు దగ్గర ధ్రువి ఆగి, మూట వైపు చేయి చాపి ఏదో అడిగింది. మా బిడ్డ తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ లోపలికి పోయారు. సగం షిఫ్టయినా దొరుకుతుందని నేను భేస్తాన్ ఆటో కోసం రోడ్డు దాటాను.