టంకశాల గుమ్మం

రోజూ పొద్దున్నే ఊరివాళ్ల బట్టల మూట భుజాన వేసుకుని, ఒటీలియె తానుండే ఇంటి గుమ్మంలోని రాతిపలక మీద నిలబడేది. యుద్ధానికి పోయిన కొడుకు గురించి "మా ఆల్విన్ బతికే ఉన్నాడు" అనేది. రాయి ఖంగుమనేది. అప్పుడు ఏటికి ఉతకడానికి పోయేది.

ఆ ఇల్లు ఒకప్పుడు డ్యూకుల నివాసం. యుద్ధాలకు డబ్బు చాలక ఒక డ్యూకు తన భోజనశాలలోనే కొలిమి పెట్టించి దాన్ని టంకశాల చేశాడు. ఆ మహానుభావుడు వెండిలో ఎంత రాగి కలిపాడో ఆయనకే తెలియాలి. జనం నాణేన్ని ఈ రాయి మీద పడేసి వినేవాళ్లు. మంచిదైతే ఖంగుమనేది, కల్తీదైతే టప్పుమనేది. డ్యూకులు పోయారు. ఇల్లు ధాన్యం కొట్టయింది, తర్వాత పేదల అద్దెగదులయింది. నాణేలు కరువయ్యాక రాయి నిజమైన మాటలకు మోగడం మొదలుపెట్టింది. పెళ్లి మాటలూ గుర్రాల బేరాలూ దాని మీదే. దూరం వెళ్లినవాడు "వచ్చాను" అని దానికి చెప్పాకే లోపలికి రావాలి.

యుద్ధం మూడో ఏట ఆల్విన్ పోయాడని సైన్యం నుంచి కబురొచ్చింది. పై గది గెర్టా ఏడుస్తూ దిగివస్తే ఒటీలియె నవ్వింది.

"వాళ్ల మాట నమ్ముతావా, రాయి మాటా?"

"రాయి మాటే అక్కా," అంది గెర్టా ముక్కు తుడుచుకుంటూ.

యుద్ధం ముగిశాక ఆల్విన్ వచ్చాడు. కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి. ఇంటివాళ్లంతా గుమిగూడారు. ఒటీలియె సంతోషం పట్టలేక కొడుకుని లాక్కొచ్చి రాయి మీద నిలబెట్టింది. పాపం, ఆ ఒక్కటీ చెయ్యకుండా ఉండాల్సింది.

"చెప్పు నాయనా, అందరూ వినాలి."

"వచ్చానమ్మా," అన్నాడు.

రాయి టప్పుమంది.

"గట్టిగా అనరా, దానికి చెవుడొచ్చినట్టుంది," అంది గెర్టా.

మళ్లీ అన్నాడు. మళ్లీ అదే చప్పుడు.

"దాన్నేమీ అనకు పిన్నీ. సరిగ్గానే చెప్పింది," అని ఆల్విన్ వెనక్కి తిరిగాడు.

ఒటీలియె అతని చొక్కా పట్టుకుంది. "ఆగరా. బొగ్గుల గదిలోంచి రా. అక్కడ రాయి లేదు."

అతను వంగి ఆ దారినే లోపలికొచ్చాడు. బంగాళదుంపల సూపు తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కూడా గుమ్మం తొక్కడం మానేసింది.

ఏటి దగ్గర ఎవరైనా, "ఏం ఒటీలియె, కొడుకొచ్చాడటగా?" అని అడిగితే, ఆమె బట్టలు పిండుతూ తలెత్తకుండా చెప్పేది.

"ఇద్దరికి వండుతున్నాను."