అరవై రెండో స్వెట్టరు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి రోసమ్మక్కయ్యకి ఒక పట్టుదల ఉండేది. వాళ్ల చర్చిలో ఏ పసిబిడ్డకి బాప్తిస్మం ఇచ్చినా స్వెట్టరు ఆవిడే అల్లి ఇచ్చేది. ఒకరికి వేసిన డిజైను ఇంకొకరికి వేసేది కాదు. ప్రతి డిజైనుదీ అరచేతి వెడల్పు ముక్క ఒకటి బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. పంతొమ్మిది వందల ఎనభై ఏడు చలికాలానికి ఆ ముక్కలు అరవై ఒకటి.

అప్పుడే వాళ్ల చర్చికొచ్చే డోరా తన కవల పిల్లల కోసం అడగడానికి వచ్చింది.

"ఆంటీ, ఇద్దరికీ సేమ్ టు సేమ్ కావాలె. వేరే వేరే ఏస్తే, పెద్దోనిదే మంచిగుందని మా అత్త షురూ చేస్తది."

డోరా వెళ్లాక రోసమ్మక్కయ్య దిగులుగా నా పక్కన కూర్చుంది. "ఒకే డిజైను రెండుసార్లు ఎట్లా వేసేది లీలా?"

ఆవిడ భర్త దేవానందం గారు రిటైరైన లెక్కల మాస్టారు. పేపరు దించకుండానే అన్నారు: "అసలు ఉన్న కుట్లే రెండు. సీదా, ఉల్టా. వాటితో అరవై ఒక్క రకాలు లాగావు. ఎక్కడో ఒకచోట అయిపోవాలి కదే. వేసిందే వెయ్, ఎవరు పట్టుకుంటారు?"

"నేను పట్టుకుంటాను."

మొదటి స్వెట్టరు కొత్త డిజైనుతో వారంలో అయింది. లేత పసుపు ఊలు, నడిమి నుంచి రెండు వైపులకీ ఏటవాలుగా జారే సన్నటి గట్లు. రెండోది మాత్రం సాగలేదు. ఒక్క వరస మార్చినా డోరా వేరేదంటుంది. మార్చకపోతే ఈవిడకి చేతులు రావు. నాలుగు రోజులు అల్లడం, విప్పడం. బాప్తిస్మం వచ్చే ఆదివారమే.

"డిజైన్లు అయిపోయాయేమో లీలా. ఆయన చెప్పిందే నిజమేమో" అంది. ఆ చేతులు ఖాళీగా ఒళ్లో ఉండడం నేను చూడలేకపోయాను. చేతనైన సాయం చేద్దామని అల్లిన స్వెట్టరు తీసుకెళ్లి ఉతికాను. రంగు వెలవకుండా అన్ని బట్టల్లాగే దాన్నీ తిరగేసి తీగ మీద వేశాను.

"అయ్యో, ఊలుది తీగ మీద వేస్తారా ఎవరైనా! సాగిపోదూ? చాప మీద పరచాలి గానీ..." అంటూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి ఆగిపోయింది. తిరగేసిన వైపుని దగ్గరికి లాక్కుని చూసింది.

పైవైపు గట్లున్న చోటల్లా లోపలివైపు పల్లాలున్నాయి. గీతలు అవే, వాలు అదే. అయినా చూడ్డానికి ఇంకో స్వెట్టరు.

రెండోదాన్ని మూడు రోజుల్లో అల్లేసింది, సీదా ఉన్నచోట ఉల్టా, ఉల్టా ఉన్నచోట సీదా. పక్కన కూర్చుని నేను కూరగాయలు తరగడం మరిచిపోయి చూశాను. మా వంటింట్లోనూ ఉన్నవి నాలుగు పప్పులే. నాకెప్పుడూ ఇట్లాంటిది తట్టలేదు.

ఆదివారం చర్చి మెట్ల మీద డోరా రెండు స్వెట్టర్లనీ వేళ్లతో తడిమి తడిమి చూసింది. "ఏందాంటీ ఇది? రెండూ ఒక్కటే, మళ్ల ఒక్కటి గాదు!"

"మంచిగయింది. పెద్దోడెవడు, చిన్నోడెవడు అని గుర్తువట్టనీకి ఇగ పరేషాన్ లేదు" అంది వాళ్లత్త.

ఇంటికొస్తూ దేవానందం గారు లెక్క కట్టారు. "అయితే రోసీ, పాతవి అరవై ఒకటీ ఇట్లాగే తిరగేసుకుంటూ పో. ఇంకో పాతికేళ్లు ఢోకా లేదు."

ఆవిడ నడుస్తున్నదల్లా ఆగి ఆయన వంక చూసింది.

"పాతవి తిరగేసుకునే ఖర్మ నాకేం పట్టింది? మన చర్చి నోవహు గారి కోడలికి తొమ్మిదో నెల. రేపు పచ్చ ఊలు తెచ్చిపెట్టండి."