మిషను ఎవరింటికి?

కుట్టుమిషను మీది గుడ్డలు తీసి పక్కన పెట్టమన్నాడు అప్పుల కంపెనీ వసూలు సారు. కట్టు కట్టిన చేత్తోనే మిషనమ్మ ఒక్కొక్కటే తీస్తూ ఉంది. వారం కిందట సూది వేలిలోకి దిగి చెయ్యి వాచిపోయింది. కుడుతున్న స్కూలు యూనిఫారాలు సగంలో ఆగిపోయాయి. అప్పు వాయిదా కట్టలేకపోయింది. అంతే ఆమె చేసిన నేరం.

కష్టం చేసుకునేవాళ్లూ, చదువుకునే పిల్లలూ ఈ సంగతి వినాలి. కంపెనీ మా నలుగురు ఆడవాళ్లనూ ఒక గ్రూపు చేసి అప్పిచ్చింది. ఒకరు కట్టకపోతే మిగతా ముగ్గురూ కట్టాలి. వాళ్లూ కట్టలేకపోతే, ఆ ఒకరి సామాను ఈ ముగ్గురే బయటికి మోసుకురావాలి. కంపెనీ చెయ్యి ఎక్కడా పడదు. మా వేలితో మా కన్నే పొడిపించే పద్ధతి అది.

దాచడమెందుకు, మిషనమ్మ అంటే నాకు ఒళ్లు మంట. అందరం ఒకే రోజు అప్పు తీసుకున్నాం. నా కూరగాయల బండి ఉన్నచోటే ఉంది. ఆమె మిషను మాత్రం ఆగకుండా తిరిగింది. పేదరికాన్ని జయించిన మహిళ అని కంపెనీ ఆఫీసు గోడకు ఆమె ఫోటో తగిలించారు. ఆ ఫోటో కంటబడకుండా నేను సందు చుట్టూ తిరిగి పోయేదాన్ని. గ్రూపులో మిగతా ఇద్దరూ, ఇస్త్రీ అక్కా టీకొట్టు పిన్నీ, అంతే. ముగ్గురం కలిస్తే ఆమె కిటికీకి వేసిన కొత్త కర్టెన్ల మీదే మాట.

"పట్టండమ్మా, నేనింకా పక్క వీధికి పోవాలి," అన్నాడు సారు.

మిషనమ్మ నా వైపు చూసింది. "వదినా, వాపు తగ్గగానే కుట్టి కట్టేస్తాను. నువ్వైనా చెప్పు."

"నేనేం చెప్పను? రూలు రూలే," అన్నాను. లోపల ఎంత హాయిగా ఉందో.

ముగ్గురం మిషను ఎత్తి గడప దాటించాం. వీధిలోకి వచ్చాక గొడవ మొదలైంది. నేను ఎడమకు తిరిగాను. ఇస్త్రీ అక్క కుడికి లాగింది. పిన్ని తిన్నగా టీకొట్టు వైపు తోసింది.

"అటెక్కడికే?" అంది అక్క.

"మా ఇంటికి. కొత్త అప్పు కింద నాకిస్తానన్నాడు సారు."

"నీకా? పొద్దున మా ఇంటికొచ్చి మరీ నాకిస్తానన్నాడే."

పిన్ని మిషను వదిలేసి చెమట తుడుచుకుంది. "మా కోడలికని నాకు చెప్పాడు. టీ తాగి డబ్బులు కూడా ఇవ్వకుండా పోయాడు."

చుట్టూ చేరిన జనంలో ఎవరో నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నా ఏడుపు నాకే తెలుసనుకున్నాను. సారుకు ముగ్గురిదీ తెలుసు.

"రేపు నువ్వు కట్టకపోతే నీ బండి మొయ్యడానికి మమ్మల్ని పిలుస్తాడు," అంది పిన్ని నాతో. "బండి నాకిస్తానంటాడు. నేను రానంటానా? వస్తాను. నీ బండి మీద నాకెప్పట్నుంచో కన్ను."

"ఎందుకు దించారమ్మా?" అంటూ వచ్చాడు సారు.

"ఎవరికిస్తావు సారూ? ఇంతమందిలో చెప్పు," అన్నాను.

"అది రూలు ప్రకారం..."

"రూలు అడగలేదు. ఎవరికో చెప్పు."

పక్క వీధికి టైమైందంటూ సారు వాచీ చూసుకున్నాడు. ముగ్గురం మళ్లీ మిషను ఎత్తాం. ఈసారి చూస్తున్నవాళ్లూ చెయ్యి వేశారు. ఎక్కడినుంచి తెచ్చామో అక్కడే పెట్టాం. మీ అంతు చూస్తానంటూ వెళ్లిపోయాడు సారు.

మర్నాడు పోలీసు జీపు వచ్చింది. మేం వసూలుకు అడ్డుపడ్డామట. వీళ్లకు పెద్ద ఎవరని అడిగారు. మిషనమ్మ, "నేనే," అని కట్టు చేత్తోనే జీపెక్కి కూర్చుంది.

"భలే ధైర్యం," అన్నారు ఎవరో.

నాకు మళ్లీ మండింది. అప్పుడు ఫోటో ఆమెదే, ఇప్పుడు పేరూ ఆమెదేనా?

"నిలదీసింది నేనైతే ఆమెను తీసుకుపోతారా?" అంటూ నేనూ ఎక్కాను.

"మిషను ముందు వదిలింది నేను," అంది పిన్ని. ఆమె వెనకే ఇస్త్రీ అక్క. ఇంతలో పక్క వీధి గ్రూపులవాళ్లు, మేమేం తక్కువ తిన్నామా అంటూ వచ్చారు.

"చోటు లేదు, దిగండి," అన్నాడు కానిస్టేబులు. ఎవరూ దిగలేదు.

"జరుగు, నేను అంచున కూర్చుంటా. అందరికీ కనబడాలి," అన్నాను మిషనమ్మతో.

"ముందెక్కింది నేను వదినా," అంది, జరగకుండా.

జీపు కదిలింది. ఎక్కడానికి చోటు దొరకనివాళ్లు వెనకే స్టేషను దాకా నడిచారు. ఆ వారం వసూలు సారు ఏ వీధిలోనూ కాలు పెట్టలేకపోయాడు.